సంక్రాంతి తర్వాత ఆరుగురం అండమాన్‌కి: తిండి, బీచ్‌లు, స్కూబా గురించి చెప్పండి

బందరురోడ్డు_బాబీ
నవంబరు 16, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి కాగానే ఆరు రాత్రులు అండమాన్ వెళ్దామని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (11, 7 ఏళ్ళు), మా అమ్మ (64), మా బావమరిది. అమ్మ శాకాహారి. మిగతా అయిదుగురం సముద్రంలో ఈదేది ఏదైనా తింటాం. బావమరిది స్కూబా, స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) అని నెల రోజులుగా నా చెవి కొరుకుతున్నాడు.

నాకు తెలిసిన ద్వీపం ఒక్కటే, మన భవానీ ద్వీపం. పడవ దిగితే బజ్జీలు, మళ్ళీ పడవెక్కితే ఇల్లు. కాబట్టి మరీ చిన్న విషయమని అనుకోకుండా అన్నీ చెప్పండి.

ఊళ్ళో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్లాన్ ఇది. 1వ రోజు పోర్ట్ బ్లెయిర్, సెల్యులార్ జైలు. 2వ రోజు హేవ్‌లాక్ దీవి, ఎలిఫెంట్ బీచ్, సాయంత్రం రాధానగర్. 3వ రోజు కాలాపత్థర్, మధ్యాహ్నం నీల్ దీవి, అక్కడ మూడు బీచ్‌లు. 4వ రోజు వెనక్కి వచ్చి రాస్ దీవి, నార్త్ బే. 5వ రోజు బారాటాంగ్. 6వ రోజు చిడియా టాపు, షాపింగ్. 7వ రోజు ఫ్లైట్. ఎలా ఉంది?

పటమట_పద్మ
నవంబరు 16, రాత్రి 10:15

బాబీ గారూ, ఇది టూరు కాదండీ, ఎలక్షన్ ప్రచారం. మీ అమ్మగారు మూడో రోజుకే "నన్ను ఇంటికి పంపించెయ్" అంటారు.

మేము రెండేళ్ళ కింద సరిగ్గా ఇలాంటి ప్లాన్‌తోనే వెళ్ళాం. రెండో రోజు ఎలిఫెంట్ బీచ్‌లో ఆలస్యమైంది. తడి బట్టలతో గదికొచ్చి, స్నానాలు చేసి, పిల్లలకు బిస్కెట్లు పెట్టి, రాధానగర్ చేరేసరికి 5:25. పార్కింగ్ దగ్గర ఆటో దిగుతుంటే జనమంతా ఎదురొస్తున్నారు, కాళ్ళకు ఇసుక, చేతుల్లో చెప్పులు. మేము ఇసుకలో అడుగుపెట్టేసరికి సూర్యుడు లేడు, చిన్న ఎర్ర గీత ఉంది, అంతే. ఆ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమమైనదని రాసింది. మేము సెల్‌ఫోన్ టార్చ్ వెలుగులో చూశాం.

హేవ్‌లాక్‌కి కనీసం మూడు రాత్రులు ఇవ్వండి. నార్త్ బే, బారాటాంగ్ తీసెయ్యండి. మిగతావి ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తారు.

బ్రాడీపేట_4వలైను
నవంబరు 17, ఉదయం 6:05

పద్మ గారికి జరిగింది చాలామందికి జరుగుతుంది. కారణం చెప్తాను, ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అలవాటు పోదు.

విజయవాడ సుమారు 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హేవ్‌లాక్ 93 దగ్గర. తేడా పన్నెండు డిగ్రీల పైచిలుకు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు యాభై నిమిషాలు. గడియారం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. అందుకే జనవరిలో ఇక్కడ ఆరింటి దాకా వెలుగుంటే అక్కడ అయిదున్నరకే చీకటి ముసురుకుంటుంది. పొద్దున ఆరింటికల్లా పూర్తిగా తెల్లవారి ఉంటుంది. అంచేత నాయనా, అక్కడ మన టైమ్ ప్రకారం కాక ఎండ ప్రకారం బతకాలి. అయిదింటికి లేవడం, మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు, మూడున్నరకల్లా రాధానగర్‌లో కూర్చోవడం.

ఇంకొకటి ఆటుపోట్లు. సూర్యలంకకు వెళ్ళినప్పుడు మనం పట్టించుకోం. అక్కడ పట్టించుకోకపోతే కుదరదు. నీల్‌లో లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గర సహజమైన రాతి వంతెన ఉంది, ఊరివాళ్ళు హౌరా బ్రిడ్జ్ అంటారు. నీళ్ళు తగ్గినప్పుడే దాని కిందికి నడిచి వెళ్ళగలరు. రాళ్ళ మధ్య గుంటల్లో చిన్న చేపలు, పీతలు, నక్షత్ర చేపలు కనబడతాయి. పోటు మీద వెళితే దూరం నుంచి దణ్ణం పెట్టి రావడమే. ఆటు ఎన్నింటికో ముందురోజు రాత్రే హోటల్లో అడగండి. అది రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పిన టైమ్ మీకు పనికిరాదు.

గుంటూరు_ఘాటు
నవంబరు 17, ఉదయం 8:30

మాస్టారు సూర్యుడి గురించి చెప్పారు, నేను పచ్చడి గురించి చెప్తా.

గోంగూర, కందిపొడి, కారప్పొడి అన్నీ చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. కారప్పొడి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీలో ఆపేస్తారు. మిరప పచ్చడి కూడా అంతే. మా బాబాయ్ పావుకిలో కారం అక్కడి డబ్బాలో పారబోసి వచ్చాడు, గుంటూరోడికి అంతకన్నా అవమానం ఉంటుందా? సీసా మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించండి, లేకపోతే పట్టుచీరలకు నూనె.

అక్కడి కూరల్లో కారం ఉండదని కాదు గానీ, మన నాలుకకు అది కొబ్బరినీళ్ళే.

అబర్డీన్_బజారు
నవంబరు 17, మధ్యాహ్నం 1:10

నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా. తాతగారి కాలంలో ఇక్కడికి వచ్చేశాం, నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. 2024 నుంచి ఈ ఊరు శ్రీ విజయపురం. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాడి నోట్లో పాత పేర్లు. రెండూ గుర్తుంచుకుంటే కంగారు ఉండదు.

ఇక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళు. అబర్డీన్ బజారులో ఇడ్లీ, దోసె, సాంబారు అన్నీ దొరుకుతాయి, కాబట్టి అమ్మగారి గురించి ఇక్కడ బెంగ లేదు. హేవ్‌లాక్, నీల్‌లోనే కొంచెం చూసుకోవాలి. ఆ ఊళ్ళలో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. వంట ఆవనూనెతో. మనకు ఆ వాసన మొదటిరోజు ముక్కుకు కొడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే వేరే నూనెతో చెయ్యమంటే చేస్తారు, కాకపోతే అరగంట ముందు చెప్పాలి. నీల్‌లో కూరగాయలు బాగా పండిస్తారు, మిగతా దీవులకు వెళ్ళేవి కూడా అక్కడివే. అమ్మగారికి తాజా వంకాయ, బీరకాయ అక్కడే దొరుకుతాయి.

చేపల సంగతి. రిసార్ట్‌లో తినకండి అనను, ఒక్క పూట తినండి. మిగతా పూటలు హేవ్‌లాక్‌లోని గోవింద్‌నగర్ బజారులో చిన్న హోటళ్ళకు వెళ్ళండి. అన్నం, పప్పు, ఆలుగడ్డ వేపుడు, పక్కన చేప ముక్క. ఏ చేప అని అడగండి, పొద్దున వచ్చింది ఏదో చెప్తారు. ట్యూనా అంటే మన సూర చేపే, బాగా ముదురు రంగు ముక్క. రెడ్ స్నాపర్ అయితే కాల్చమనండి. లాబ్‌స్టర్ తూకం మీద అమ్ముతారు. మెనూలో "ధర సైజును బట్టి" అని ఉంటే కూర్చోవద్దు, లేచి వంటగది దాకా వెళ్ళి మీ ముందు తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో అడిగి అప్పుడు ఊ అనండి. పెద్దదైతేనే రుచి అనుకోవద్దు.

హేవ్‌లాక్‌లో తొమ్మిది దాటితే చాలా చోట్ల పొయ్యి ఆర్పేస్తారు. బెజవాడలాగా పదకొండింటికి బిర్యానీ అంటే కుదరదు.

కృష్ణలంక_కిట్టు
నవంబరు 17, సాయంత్రం 7:20

ప్యాకేజీ జోలికి వెళ్ళకు అన్నా. మాకు ఇక్కడే ఒక ఏజెంట్ రంగురంగుల బ్రోచర్ ఇచ్చాడు. మీద సముద్రంలో ఈదుతున్న ఏనుగు బొమ్మ. మా చిన్నోడు ఆ ఏనుగు కోసమే వచ్చాడు. జెట్టీ దగ్గర అడిగితే పడవవాడు నవ్వాడు: ఆ ఏనుగు పేరు రాజన్, 2016లోనే చనిపోయింది! ఎలిఫెంట్ బీచ్‌లో ఏనుగులు లేవు. ఒకప్పుడు దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగుల వల్ల వచ్చిన పేరు, అంతే. పిల్లాడు ఏడుపు.

అది ఒక ఎత్తు. ఫెర్రీ టికెట్లు "కన్ఫర్మ్ సార్" అన్నాడు, అక్కడికెళ్ళాక సాయంత్రం బోటుకు చేశానన్నాడు. ఒక పూట మొత్తం జెట్టీలో సామాన్ల మీద కూర్చున్నాం.

పటమట_పద్మ
నవంబరు 17, రాత్రి 8:00

కిట్టూ, పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు బండి పెట్టి తీసుకెళ్తే సుఖమే. అన్నీ మనమే చేసుకుంటే పెద్దవాళ్ళు సామాన్లకు కాపలా, మనం ఆటోలతో బేరం. ఏజెంటును తిట్టడం కాదు, ఫెర్రీ టికెట్ మీద పేరు, టైమ్ చూశాకే డబ్బు కట్టాలి.

కృష్ణలంక_కిట్టు
నవంబరు 17, రాత్రి 8:12

అక్కా, మీరు టార్చ్‌తో రాధానగర్ చూసింది కూడా ప్యాకేజీలోనే కదా 😀

అబర్డీన్_బజారు
నవంబరు 17, రాత్రి 9:00

ఇద్దరూ ఆగండి. ఫెర్రీలు రెండు రకాలు. ప్రైవేటు బోట్లు ఏసీవి, మనిషికి వెయ్యి దాటుతుంది, తొందరగా వెళ్తాయి. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, నిదానం, పై డెక్ మీద గాలికి నిలబడొచ్చు. కడుపులో తిప్పేవాళ్ళకు నిజానికి డెక్కే మేలు, మూసిన ఏసీలో వాంతులు ఎక్కువ. మీరు ఆరుగురు కాబట్టి ప్రైవేటుదే ముందుగా బుక్ చేసుకోండి, ఒరిజినల్ ఐడీలు చేతిలో పెట్టుకోండి. బోటు ఎక్కే ముందు ఖాళీ కడుపుతో ఉండొద్దు, అలాగని పూరీలు కూడా వద్దు. రెండు ఇడ్లీలు. మాత్ర వేసుకునేదుంటే అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఆ మాత్ర కూడా బయటికే.

ఫ్లైట్ రోజు పొద్దున హేవ్‌లాక్ నుంచి వచ్చి విమానం ఎక్కుదామని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే.

ప్రయాణప్రియ_మంగళగిరి
నవంబరు 18, ఉదయం 10:45

బారాటాంగ్ ఎందుకు తీసెయ్యాలి? దారిలో జరవా ఆదివాసులను చూడొచ్చంట కదా? మా కొలీగ్ చూశాడు. అదే హైలైట్ అన్నాడు.

అబర్డీన్_బజారు
నవంబరు 18, ఉదయం 11:30

మేడమ్, కోపంగా రాస్తే క్షమించండి. వాళ్ళు మనుషులు, జూ కాదు. ఆ రోడ్డు వాళ్ళ అడవిలోంచి వెళ్తుంది, అందుకే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి కాన్వాయ్‌గా మాత్రమే బళ్ళు వదులుతారు. దారిలో ఆపడం, ఫోటో తీయడం, తినేది ఏదైనా ఇవ్వడం అన్నీ నేరం, కేసు పెడతారు. బారాటాంగ్ వెళ్ళేది మడ అడవుల మధ్య పడవ ప్రయాణానికి, సున్నపురాయి గుహలకు. ఆ మడచెట్ల కిందుగా పడవ వెళ్ళేటప్పుడు భలే ఉంటుంది, కాదనను. కానీ ఆరింటి కాన్వాయ్ అందుకోవాలంటే తెల్లవారుజామున మూడున్నరకో నాలుగుకో బయల్దేరాలి, రానూ పోనూ దాదాపు రెండొందల కిలోమీటర్లు, పడవ దిగాక గుహకు నడక. 64 ఏళ్ళ అమ్మగారితో, ఏడేళ్ళ పాపతో నేనైతే వెళ్ళను.

ప్రయాణప్రియ_మంగళగిరి
నవంబరు 18, మధ్యాహ్నం 12:05

అర్థమైందండి. అలా ఆలోచించలేదు.

మీసాల_డైవర్
నవంబరు 18, రాత్రి 10:20

ఆలస్యంగా చూశాను. బావమరిది గారి కోసం రాస్తున్నా. మాది తెనాలి, ఇప్పటికి హేవ్‌లాక్ నాలుగుసార్లు.

మొదటిసారి చేసే స్కూబాకు ఈత రానక్కర్లేదు. ఒక ఇన్‌స్ట్రక్టర్ మీ వెనకాలే సిలిండర్ పట్టుకుని ఉంటాడు. లోతు 12 మీటర్లు మించదు. కనీస వయసు పదేళ్ళు, అంటే మీ పెద్ద పిల్లకు లేదా బాబుకు కుదురుతుంది, ఏడేళ్ళ వాళ్ళకు కుదరదు. వాళ్ళకి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేయించండి, ట్యూబ్ పట్టుకుని ముఖం నీళ్ళలో పెడితే చాలు, చేపలు కనిపిస్తాయి. ముందు ఒక హెల్త్ ఫారం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే దాచకుండా రాయండి. జలుబు ఉన్నా దిగొద్దు, చెవులు సర్దుకోవు.

చెవుల గురించే ఎక్కువ చెప్పాలి. కిందికి దిగుతున్నకొద్దీ చెవిలో నొక్కుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి, చెవిలో టప్‌మని తెరుచుకుంటుంది. నొప్పి మొదలవక ముందే చెయ్యాలి, ప్రతి మీటరుకూ. మగాడినని ఓర్చుకుంటే చెవి పోతుంది. కుదరకపోతే కాస్త పైకొచ్చి మళ్ళీ ప్రయత్నించాలి.

ఇక సైగలు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగున్నాను". బొటనవేలు పైకెత్తితే "సూపర్" కాదు సుమా, "నన్ను పైకి తీసుకెళ్ళు" అని. మనవాళ్ళు నూటికి ఎనభైమంది ఇక్కడే బోల్తా.

నా పేరులో ఉన్న విషయం: మీసం ఉంటే మాస్కులోకి నీళ్ళు కారతాయి. గీసుకోనక్కర్లేదు, ముక్కు కింద కొంచెం వాజ్‌లీన్ రాస్తే చాలావరకు ఆగుతుంది.

స్కూబా ప్లాన్‌లో ముందే పెట్టుకోండి, హేవ్‌లాక్‌లో మొదటి పూర్తి రోజున. డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఉంచడం మంచిది. పగడాల మీద కాలు పెట్టొద్దు, అవి రాళ్ళలా కనిపించే ప్రాణులు.

రాత్రి కయాకింగ్ (చిన్న తెడ్డు పడవలో తిరగడం) కూడా ఉంది. నీళ్ళు కదిలినప్పుడు మెరిసే సూక్ష్మజీవులు ఉంటాయి. వెన్నెల ఉంటే కనబడవు. పంచాంగం చూసుకోండి, అమావాస్యకు అటూ ఇటూ అయితేనే డబ్బు కట్టండి.

బ్రాడీపేట_4వలైను
నవంబరు 19, ఉదయం 5:50

ఒక హెచ్చరిక. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఒక పర్యాటకురాలు మొసలి బారిన పడి చనిపోయింది. భయపడాల్సిన పనిలేదు గానీ, లైఫ్‌గార్డులు గుర్తుపెట్టిన చోటే దిగండి. వాగు సముద్రంలో కలిసే దగ్గర, మడచెట్ల దగ్గర వద్దు.

బందరురోడ్డు_బాబీ
నవంబరు 19, రాత్రి 9:15

ఇంత చెప్తారనుకోలేదు. ప్లాన్ మొత్తం చింపేశాను. 1 పోర్ట్ బ్లెయిర్, 3 హేవ్‌లాక్, 1 నీల్, 1 పోర్ట్ బ్లెయిర్. ఇక్కడినుంచి చెన్నైకి రైలు, అక్కడినుంచి విమానం. మా ఆవిడ ఆటుపోట్ల పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చాక రాస్తా.

బందరురోడ్డు_బాబీ
ఫిబ్రవరి 2, రాత్రి 10:30

వచ్చేశాం. నలుపెక్కాం. వరసగా రాయడం నా వల్ల కాదు, గుర్తొచ్చినట్టు రాస్తా.

హేవ్‌లాక్‌లో ఆటో ఎక్కితే విజయనగర్, కృష్ణనగర్, గోవింద్‌నగర్ అంటాడు. అమ్మ "ఇదేంట్రా, సిటీ బస్సెక్కినట్టుంది" అంది. రాధానగర్‌కి మూడున్నరకి వెళ్ళాం మాస్టారూ. వెనక పెద్ద పెద్ద చెట్లు, ఆ నీడలో అమ్మ చాప వేసుకుని కూర్చుంది. మర్నాడు కూడా అక్కడికే వెళ్దామంది, వెళ్ళాం. ప్లాన్‌లో కాలాపత్థర్ ఉందని ఎవరూ గుర్తు చెయ్యలేదు, ఆ మర్నాడు పొద్దున వెళ్ళాం.

స్కూబా. డైవర్ గారూ, మీ పోస్టు మా బావమరిదికి మూడుసార్లు చదివి వినిపించాను. వాజ్‌లీన్ రాశాడు, చెవులు ఊదాడు, అంతా బాగుంది. కింద ఒక పెద్ద చేపల గుంపు ఎదురొచ్చేసరికి ఆనందం పట్టలేక రెండు చేతులతో రెండు బొటనవేళ్ళూ ఎత్తాడు. ఇన్‌స్ట్రక్టర్ అతన్ని బుద్ధిగా పైకి తీసుకొచ్చేశాడు. పైకొచ్చాక "ఎందుకు తెచ్చావ్?" అని తెలుగులో గొడవ. పాపం ఆయన మళ్ళీ దింపాడు. మా పెద్దది మాత్రం ఒక్క తప్పు చెయ్యలేదు.

మేము రాత్రి కయాకింగ్‌కి వెళ్ళింది అమావాస్య వెళ్ళిన మూడో రోజు. మొదట పావుగంట ఏమీ కనబడలేదు, మోసపోయాం అనుకున్నా. మడచెట్ల నీడలోకి వెళ్ళాక గైడ్ లైట్లు ఆపమన్నాడు. తెడ్డు నీళ్ళలో పెట్టగానే దాని చుట్టూ నీలంగా పొడి రాలింది. మా పెద్దది చెయ్యి ముంచి తీస్తే వేళ్ళ సందుల్లోంచి కాకరపువ్వొత్తి రవ్వల్లా జారిపోయాయి. ఫోన్‌లో ఏమీ పడలేదు. అడగొద్దు.

తిండి. లాబ్‌స్టర్ తూకం వేయించి ధర అడిగాక మా ఆవిడ పీతలు చాలంది. పీతలే బాగున్నాయి. గోవింద్‌నగర్‌లో ఒక చిన్న హోటల్లో వరసగా మూడు పూటలు తిన్నాం, నాలుగో పూట ఆ పెద్దావిడ అమ్మకు అడక్కుండానే వేరే నూనెతో బెండకాయ వేపుడు చేసి పెట్టింది. అమ్మ బదులుగా కందిపొడి ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, గంట సేపు మాట్లాడుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీలో నేనే వాంతి చేసుకున్నా. ఇడ్లీ మాట విననందుకు. పూరీ తిన్నా.

గుంటూరు_ఘాటు
ఫిబ్రవరి 3, ఉదయం 7:40

గోంగూర ఏమైంది? అది రాయలేదు.

బందరురోడ్డు_బాబీ
ఫిబ్రవరి 3, ఉదయం 9:00

నీల్‌లో రెండో పూటకే అయిపోయింది. సగం పక్క గదిలో ఉన్న వైజాగ్ వాళ్ళు తిన్నారు.

మాస్టారు చెప్పిన రాతి వంతెన దగ్గరికి ఆటు చూసుకునే పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాం, బ్రహ్మాండం. అమ్మ మాత్రం రాళ్ళ మీద జారుతుందని ఇవతలే ఒడ్డున ఉండిపోయింది. మేము వచ్చేలోపు అష్టాచెమ్మాకి పనికొస్తాయని శంఖులు, గవ్వలు ఏరి చేతిరుమాల్లో మూట కట్టేసింది. ఇసుక దగ్గర్నుంచి ఏదీ తీసుకెళ్ళకూడదనీ, ఎయిర్‌పోర్టులో చూస్తే తీసేసుకుంటారనీ చెప్తే "ఖాళీ గవ్వలేగా" అని వినలేదు. రాత్రి రెండింటికి గదిలో టకటకమని చప్పుడు. లైటు వేస్తే రుమాలు ముడి వదులై ఉంది, ఒక శంఖు గచ్చు మీద నడుచుకుంటూ తలుపు వైపు వెళ్తోంది. లోపల పీత కాపురం.

తెల్లారి అయిదింటికి అమ్మ నన్ను లేపి ఆటో మాట్లాడమంది. మూట మొత్తం ఎక్కడ ఏరిందో అక్కడే విప్పి, అవన్నీ కదిలి వెళ్ళేదాకా నిలబడింది.

పటమట_పద్మ
ఫిబ్రవరి 3, ఉదయం 9:20

అష్టాచెమ్మా గవ్వలు మా ఇంట్లో రెండు జతలున్నాయి, పిన్నిగారికి ఒకటి పంపిస్తా. ఆదివారం ఇంట్లోనే ఉంటారా?